రెండు స్మారకాల నడుమ ఒక హవల్దార్

1995 మే నెల. ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా లండన్ హైడ్ పార్కులో ఉత్సవాలు జరుగుతున్నాయి. ప్రముఖులకు కేటాయించిన ఆవరణ దగ్గరికి భారతదేశం నుంచి వెళ్లిన ఒక 74 ఏళ్ల రైతు వచ్చారు. ఆహ్వానితుల జాబితాలో ఆయన పేరు కనిపించలేదు. ద్వారం దగ్గరున్నవాళ్లు ఆపేశారు. ఉత్సవాల నిర్వహణ చూస్తున్న ఒక బ్రిటిష్ బ్రిగేడియర్ దృష్టి అదృష్టవశాత్తూ ఆ రైతు ఛాతీ మీద పడింది. పతకాల వరసలో మొదటిది ముదురు ఎరుపు రిబ్బనుకు వేలాడుతున్న, పెద్దగా మెరుపు లేని చిన్న కంచు శిలువ. అదేమిటో బ్రిగేడియర్‌కు తెలుసు. వెంటనే ఆయన్ను గౌరవంగా లోపలికి తీసుకెళ్లారు.

ఆ రైతు పేరు ఉమ్రావ్ సింగ్. ఆ శిలువ పేరు విక్టోరియా క్రాస్. బ్రిటిష్ సామ్రాజ్యంలో యుద్ధరంగ సాహసానికి ఇచ్చిన పతకాల్లో అన్నింటికంటే పెద్దది. ఆ తర్వాత పదేళ్లకు, 2005 నవంబరులో ఆయన కన్నుమూసేనాటికి, రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన భారతీయుల్లో ప్రాణాలతో ఉన్నది ఆయన ఒక్కరే. ఆయనతో ఒక వరస ముగిసింది. దాన్ని ఎవరు గుర్తుంచుకోవాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

పల్రా నుంచి కలదాన్ లోయకు

ఢిల్లీకి పశ్చిమాన, ఝజ్జర్ దగ్గర పల్రా అనే చిన్న ఊరు ఉంది. ఉమ్రావ్ సింగ్ 1920 నవంబరు 21న అక్కడ ఒక అహిర్ రైతు కుటుంబంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు పంజాబ్ ప్రావిన్సులోని రోహ్తక్ జిల్లాలో ఉండేది. 1966లో హర్యానా ఏర్పడ్డాక రాష్ట్రం మారింది. 1997లో ఝజ్జర్ ప్రత్యేక జిల్లా అయ్యాక జిల్లా పేరూ మారింది. ఆయన చిరునామా మారినా ఇల్లూ పొలమూ అక్కడే ఉన్నాయి.

ఆ ప్రాంత చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1857 తిరుగుబాటులో ఝజ్జర్ నవాబు ఉరికంబం ఎక్కాడు. పొరుగునే ఉన్న రేవాడీ నుంచి రావ్ తులారామ్ ఆంగ్లేయులపై కత్తి దూశాడు. తర్వాతి తరాల్లో బ్రిటిష్ ఇండియా సైన్యం అదే నేల నుంచి పెద్ద ఎత్తున జవాన్లను తీసుకుంది. వర్షాధారపు చిన్న కమతాల మీద బతికే ఇళ్లకు సైన్యం జీతం, పింఛను గట్టి ఆసరా. ఒక కొడుకు పొలంలో, ఒక కొడుకు ఫౌజులో ఉండటం అక్కడ సాధారణ ఏర్పాటు. 1962 చైనా యుద్ధంలో రెజాంగ్ లా దగ్గర చివరి వరకు పోరాడి నేలకొరిగిన 13 కుమావూన్ బెటాలియన్ చార్లీ కంపెనీ జవాన్లు కూడా ఎక్కువమంది ఈ అహిర్‌వాల్ బిడ్డలే.

యుద్ధం మొదలైన రెండు నెలలకు, 1939 నవంబరులో ఉమ్రావ్ సింగ్ సైన్యంలో చేరారు. పంతొమ్మిదేళ్ల వయసు, ఊరి బడి చదువు. ఆయన్ను శతఘ్ని దళానికి పంపారు. ఆ యుద్ధకాలంలో భారత సైన్యంలో చేరినవారి సంఖ్య దాదాపు 25 లక్షలు. నిర్బంధ భర్తీ లేకుండా చరిత్రలో అంత పెద్ద సైన్యం మరొకటి ఏర్పడలేదని చెబుతారు. నిర్బంధం లేదన్న మాట నిజమే. కానీ అందులో ఎంతమందిని దేశభక్తి నడిపింది, ఎంతమందిని ఆకలి నడిపింది, ఎంతమందిని కుటుంబ ఆనవాయితీ నడిపింది అన్నది ఏ రికార్డులోనూ లేదు.

1942 నాటికి యుద్ధం భారత సరిహద్దుకు వచ్చింది. జపాన్ సేనలు కొద్ది నెలల్లోనే బర్మాను ఆక్రమించుకున్నాయి. రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేస్తున్న లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో బయలుదేరారు. వాళ్లలో కోస్తా జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలు చాలామంది ఉన్నారు. కొందరు తౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరం చేరి, అక్కడి నుంచి చిట్టగాంగ్ వైపు నడిచారు. దారిలో కలరాకు, ఆకలికి ఎందరు బలయ్యారో కచ్చితమైన లెక్క లేదు. అదే సంవత్సరం ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. కాంగ్రెస్ నేతలు జైళ్లలో ఉన్నారు. మరుసటి ఏడాది బెంగాల్‌లో లక్షల మంది కరువుకు చనిపోయారు. ఉమ్రావ్ సింగ్ లాంటి జవాన్లు ఈ పరిస్థితుల మధ్యే తూర్పు సరిహద్దుకు చేరారు.

ఆ రాత్రి

అరకాన్‌ను తిరిగి గెలవడానికి బ్రిటిష్ పక్షం చేసిన తొలి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాన్ సేనలు దెబ్బతిన్నాక పరిస్థితి మారింది. ఆ ఏడాది చివర్లో 15వ కోర్ మళ్లీ అరకాన్‌లో ముందుకు కదిలింది. తీరం వెంట ప్రధాన దళాలు సాగుతుంటే, లోపలి వైపున కలదాన్ నది లోయలో 81వ పశ్చిమాఫ్రికా డివిజన్ దక్షిణంగా దిగింది. మిజోరం కొండల మీదుగా పారి, పాలెట్వా మీదుగా అక్యాబ్ దగ్గర సముద్రంలో కలిసే నది ఇది. నేడు సిట్వే రేవును మిజోరంతో కలిపే భారత ప్రాజెక్టు వల్ల, 2024 జనవరిలో అరకాన్ ఆర్మీ పాలెట్వాను స్వాధీనం చేసుకోవడం వల్ల ఆ పేరు మళ్లీ వార్తల్లో వినిపిస్తోంది.

అప్పట్లో ఆ లోయలో చెప్పుకోదగ్గ రోడ్లు లేవు. అడవి, వాగులు, నిటారు గుట్టలు. నైజీరియా, గోల్డ్ కోస్ట్, సియెర్రా లియోన్, గాంబియాల నుంచి వచ్చిన ఆఫ్రికా సైనికులు సామాను తలమీద మోస్తూ నడిచారు. వాళ్లకు అండగా భారత శతఘ్ని దళానికి చెందిన 30వ మౌంటెన్ రెజిమెంటు వెళ్లింది. కొండల్లో పనికొచ్చే ఫిరంగిని ఏ భాగానికా భాగం విడదీసి కంచరగాడిదల మీద మోయించి, కావలసిన చోట మళ్లీ బిగించేవారు. భాగాలను ఎత్తడానికి బరువైన ఇనుప కడ్డీ వాడేవారు. ఉమ్రావ్ సింగ్ కథలో ఆ కడ్డీకి పెద్ద పాత్రే ఉంది.

అప్పటికి ఆయన హవల్దార్. 33వ మౌంటెన్ బ్యాటరీలో ఒక ఫిరంగికి, దాని సిబ్బందికి నాయకుడు. 1944 డిసెంబరు 15 రాత్రి ఆ ఫిరంగి మిగతా బ్యాటరీ కంటే ముందున్న స్థానంలో ఉంది. జపాన్ వాళ్లు 75 మిల్లీమీటర్ల ఫిరంగులతో, మోర్టార్లతో గంటన్నర సేపు గుళ్ల వాన కురిపించారు. తర్వాత కనీసం రెండు కంపెనీల పదాతి దళం ఆ స్థానం మీదికి వచ్చింది.

మొదటి దాడిలోనే ఉమ్రావ్ సింగ్‌కు గ్రెనేడ్ల వల్ల రెండు గాయాలయ్యాయి. ఆయన సిబ్బంది చేత రైఫిళ్లు పేల్పిస్తూ నిలబడ్డారు. రెండో దాడిలో శత్రువులు ఐదు గజాల దూరానికి వచ్చేశారు. అప్పుడు ఆయనే బ్రెన్ గన్ అందుకుని ఫిరంగి కవచం మీదుగా కాల్చారు. మూడోసారీ నాలుగోసారీ కూడా దాడి వెనక్కి పోయింది. ఈలోగా ఆయన మనుషుల్లో ఇద్దరు తప్ప మిగతావాళ్లంతా చనిపోవడమో గాయపడటమో జరిగింది. పక్కనున్న రెండో ఫిరంగి శత్రువు చేతిలోకి పోయింది. తూటాలు అయిపోయాయి.

చివరి దాడి వచ్చినప్పుడు చేతికందింది ఆ ఇనుప కడ్డీయే. మిగిలినవాళ్లను కేకేసి, దానితోనే శత్రువుల మధ్యకు దూకారు. ముగ్గురిని పడగొట్టడం చూసినవాళ్లున్నారు. ఆ తర్వాత దెబ్బల మీద దెబ్బలు తగిలి స్పృహ తప్పారు.

ఆరు గంటల తర్వాత ఎదురుదాడి చేసి ఆ స్థానాన్ని తిరిగి దక్కించుకున్నవాళ్లకు ఆయన ఫిరంగి పక్కనే కనిపించారు. ఒంటిమీద ఏడు తీవ్రమైన గాయాలు. మొహం గుర్తుపట్టలేనంతగా ఉంది. చుట్టూ పది మంది జపాన్ సైనికుల శవాలున్నాయి. ఆయన కాపాడిన ఫిరంగి చెక్కుచెదరలేదు. అదే రోజు అది మళ్లీ పేలింది.

పతకం ఇస్తూ ప్రభుత్వం 1945 మే చివర్లో ప్రచురించిన అధికారిక ప్రకటనలోని వివరాలివి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, భారత శతఘ్ని దళాలు రెండింటిలోనూ నాన్‌కమిషన్డ్ హోదాలో ఈ పతకం పొందింది ఆయనొక్కరే. విక్టోరియా క్రాస్‌లను శత్రువుల దగ్గర పట్టుకున్న పాత ఫిరంగుల కంచుతో పోత పోస్తారని ప్రతీతి. ఫిరంగిని వదలని మనిషికి ఫిరంగి లోహమే బహుమతిగా వచ్చిందన్నమాట.

మూడు వారాల తేడా

ఈ పతకం మొదటి నుంచీ భారతీయులకు అందుబాటులో లేదు. 1856లో దాన్ని నెలకొల్పినప్పటి నుంచి అర్ధ శతాబ్దానికి పైగా బ్రిటిష్ ఇండియా సైన్యంలోని భారతీయ సిపాయిలు దానికి అర్హులు కారు. వాళ్లకు ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే వేరే పతకం ఉండేది. 1911లో ఐదో జార్జి చక్రవర్తి ఢిల్లీ దర్బారు సందర్భంగా ఆ అడ్డు తొలగింది. 1914 అక్టోబరులో బెల్జియంలో పోరాడిన ఖుదాదాద్ ఖాన్ దాన్ని పొందిన తొలి భారతీయ సిపాయి. ఆయన తర్వాతి జీవితం పాకిస్తాన్‌లో గడిచింది. ఉమ్రావ్ సింగ్ తరానికి ఈ పతకం అందుబాటులోకి రావడం వెనుక ఇంత కథ ఉంది.

1945 అక్టోబరు 15న లండన్‌లోని బకింగ్‌హామ్ రాజప్రాసాదంలో ఆరో జార్జి చక్రవర్తి స్వయంగా ఆ శిలువను ఉమ్రావ్ సింగ్‌కు ప్రదానం చేశారు. పల్రా నుంచి వెళ్లిన పాతికేళ్ల లోపు యువకుడికి అదెంత పెద్ద రోజో ఊహించవచ్చు. కానీ ఆయన స్వదేశంలో అప్పుడు ప్రజల కళ్లు మరో చోట ఉన్నాయి.

సరిగ్గా మూడు వారాలకు, నవంబరు 5న, ఢిల్లీ ఎర్రకోటలో ఒక సైనిక విచారణ మొదలైంది. ముద్దాయిలు ముగ్గురు: షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ముగ్గురూ ఒకప్పుడు అదే బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారులు. జపాన్ చేతికి చిక్కాక సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలోని ఆజాద్ హింద్ ఫౌజులో చేరి అదే బర్మాలో ఎదుటి పక్షాన పోరాడారు. భూలాభాయ్ దేశాయ్ వాళ్ల తరఫున వాదించారు. జవహర్‌లాల్ నెహ్రూ ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ న్యాయవాది గౌను తొడుక్కున్నారు. దేశమంతా ఊరేగింపులు జరిగాయి. శిక్ష విధించినా ముగ్గురినీ విడిచిపెట్టక తప్పలేదు.

ఎర్రకోట ముగ్గురూ ఇంటింటి పేర్లయ్యారు. కలదాన్ లోయలో ఇనుప కడ్డీతో నిలబడ్డ హవల్దార్ పేరు ఆ వేడిలో ఎవరికీ పట్టలేదు. అందులో జనం తప్పేమీ లేదు. స్వాతంత్ర్యం గుమ్మం దాకా వచ్చిన సమయంలో చక్రవర్తి చేతి పతకం కంటే చక్రవర్తిని ధిక్కరించినవారి సంకెళ్లే విలువైనవిగా కనిపించాయి. అయితే ఆ రెండు వైపులా ఉన్న జవాన్లు ఒకే రకం ఊళ్ల నుంచి, ఒకే రకం ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లే. ఎవరు ఏ వైపు ఉన్నారన్నది చాలాసార్లు వాళ్ల యూనిట్ సింగపూర్‌లో చిక్కుకుందా, అరకాన్‌కు వెళ్లిందా అన్న దాన్ని బట్టే తేలింది.

స్వతంత్ర భారతం ఈ విషయంలో తీసుకున్న వైఖరి కూడా సూటిగా లేదు. ఆజాద్ హింద్ ఫౌజు వీరులను గౌరవించింది, కానీ వాళ్లను తిరిగి సైన్యంలోకి తీసుకోలేదు. సైన్యంలో కొనసాగినవాళ్లు బ్రిటిష్ జెండా కింద పోరాడినవాళ్లు. దేశ సరిహద్దులను కాపాడే పని వాళ్లకే అప్పగించింది. వాళ్ల పాత యుద్ధం గురించి మాత్రం పెద్దగా మాట్లాడలేదు. ఉమ్రావ్ సింగ్ కూడా యుద్ధం ముగిశాక కొంతకాలం సైన్యానికి దూరంగా ఉండి, స్వాతంత్ర్యం వచ్చాక మళ్లీ చేరారు. 1960ల దాకా పనిచేసి సుబేదార్ మేజర్‌గా బయటికి వచ్చారు. గౌరవ కెప్టెన్ హోదా దక్కింది.

ఆయనతో పాటు ఆ పతకం పొందినవాళ్ల జీవితాలు రకరకాల దారుల్లో సాగాయి. అరకాన్‌లోనే విక్టోరియా క్రాస్ గెలిచిన నంద్ సింగ్ 1947 డిసెంబరులో కశ్మీర్‌లోని ఉరి దగ్గర పాకిస్తాన్ దాడిదారులతో పోరాడుతూ చనిపోయారు. స్వతంత్ర భారతం ఆయనకు మహావీర చక్ర ఇచ్చింది. ప్రేమీంద్ర సింగ్ భగత్ లెఫ్టినెంట్ జనరల్ స్థాయికి ఎదిగారు. 1962 పరాజయంపై తయారైన హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదికలో రెండో పేరు ఆయనదే. ఇటలీలో పోరాడిన అలీ హైదర్ విభజనతో పాకిస్తానీ అయ్యారు. చాలామంది మాత్రం ఉమ్రావ్ సింగ్‌లాగే సొంత ఊరికి, పొలానికి తిరిగి వెళ్లారు.

రెండెకరాలు, ఒక శిలువ

పల్రాలో ఆయన కుటుంబానికి ఉన్నది రెండెకరాల పొలం. సైన్యం పింఛను, పంట, విక్టోరియా క్రాస్ గ్రహీతగా బ్రిటన్ నుంచి వచ్చే వార్షిక భృతి. ఇదీ ఆదాయం. ఆ భృతికీ ఒక చరిత్ర ఉంది. మొదట్లో సాధారణ సైనికులకు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చేవారు. 1959లో హోదాతో నిమిత్తం లేకుండా గ్రహీతలందరికీ 100 పౌండ్లు చేశారు. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాల పాటు దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి, భృతి అక్కడే ఆగిపోయింది. 1995 నాటి మారకం రేటులో అది ఏడాదికి సుమారు 5 వేల రూపాయలు.

మరోవైపు అదే శిలువకు సంతలో మంచి ధర పలికేది. విక్టోరియా క్రాస్‌ల కోసం సేకర్తలు వేల పౌండ్లు పెట్టడానికి సిద్ధంగా ఉండేవారు. ఉమ్రావ్ సింగ్ దగ్గరికీ అలాంటి బేరాలు వచ్చాయి. ఒక్క సంతకంతో ఆయన ఇంటి ఇబ్బందులు తీరిపోయేవి. ఆయన ఒప్పుకోలేదు. ఆ రాత్రి తన పక్కన చనిపోయినవాళ్ల గౌరవానికి అది మచ్చ అవుతుందని ఆయన భావించారు. పతకం తనకిచ్చినా అందులో వాళ్లందరికీ వాటా ఉందన్నది ఆయన లెక్క. ఒక వాటాదారు మిగతావాళ్లను అడగకుండా ఆస్తి అమ్మకూడదన్న పల్లెటూరి న్యాయం లాంటిదే ఇది.

హైడ్ పార్కు ద్వారం దగ్గర ఆయన ఆగిపోయిన రోజుకు ముందున్న నేపథ్యం ఇదీ. లోపలికి వెళ్లాక ఆ పర్యటనలోనే బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్‌ను కలిసే అవకాశం వచ్చింది. ఇలాంటి సందర్భాల్లో కరచాలనం చేసి ఫొటో దిగి పక్కకు జరగడం మామూలు. ఉమ్రావ్ సింగ్ భృతి సంగతి ఎత్తారు. ఇంత కాలంగా పెంచకపోవడం న్యాయం కాదని నేరుగా చెప్పారు. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం విక్టోరియా క్రాస్ వార్షిక భృతిని 100 నుంచి 1,300 పౌండ్లకు పెంచింది. ఆ పెంపు అన్ని దేశాల్లోని గ్రహీతలకూ వర్తించింది. ఆయన మరణానంతరం వచ్చిన నివాళి కథనాలు ఆ నిర్ణయానికి ఆయన చొరవను గుర్తుచేశాయి.

సాహసం గురించి రాసేవాళ్లు సాధారణంగా 1944 డిసెంబరు రాత్రి దగ్గర ఆగిపోతారు. కానీ ఆ రాత్రి ఆయన చుట్టూ వేరే దారి లేదు. 1995లో దారి ఉంది. అతిథిగా వెళ్లి, మర్యాద అందుకుని, మౌనంగా తిరిగి రావచ్చు. ఒక దేశ ప్రధానిని ఆయన గడ్డ మీదే డబ్బు లెక్క అడగడానికి వేరే రకం ధైర్యం కావాలి. అడిగింది కూడా తనొక్కడి కోసం కాదు.

ఈ బాకీ ఒక్క భారతీయులదే కాదు. కలదాన్ లోయలో భారత ఫిరంగులు ఎవరికి అండగా నిలిచాయో ఆ గోల్డ్ కోస్ట్ సైనికులు యుద్ధం తర్వాత ఇంటికెళ్లి ఉద్యోగాల కోసం, వాగ్దానం చేసిన సౌకర్యాల కోసం ఎదురుచూశారు. 1948 ఫిబ్రవరి 28న అక్రాలో మాజీ సైనికులు వినతిపత్రంతో గవర్నర్ నివాసం వైపు నిరాయుధంగా నడిచారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ నెత్తురు నుంచి మొదలైన అల్లర్లు ఘనా స్వాతంత్ర్య చరిత్రలో ఒక మలుపు. బర్మాలోనే విక్టోరియా క్రాస్ గెలిచిన నేపాలీ గూర్ఖా తుల్ బహదూర్ పున్ 2006లో వైద్యం కోసం బ్రిటన్ వెళ్లాలనుకుంటే, ఆ దేశంతో ఆయనకు తగినంత బలమైన సంబంధం లేదంటూ తొలుత వీసా నిరాకరించారు. జనం నిరసనతో మరుసటి ఏడాది అనుమతి ఇచ్చారు. సైనికుణ్ని తీసుకునేటప్పుడు అడగని ప్రశ్నలు పింఛను ఇచ్చేటప్పుడు, వీసా ఇచ్చేటప్పుడు పుట్టుకొస్తాయని ఈ మూడు ఉదంతాలూ చెబుతాయి.

చివరి వరస

శతాబ్దం ముగిసేసరికి ఆ వరస వేగంగా పలచబడింది. జ్ఞాన్ సింగ్ 1996లో, పాకిస్తాన్‌లో అలీ హైదర్ 1999లో వెళ్లిపోయారు. సిక్కింకు చెందిన గంజు లామా 2000లో చనిపోయారు. హిమాచల్‌కు చెందిన భండారీ రామ్ 2002లో కన్నుమూశాక భారతదేశంలో ఉమ్రావ్ సింగ్ ఒక్కరే మిగిలారు. ఆ ఏడాదే లండన్‌లో బకింగ్‌హామ్ ప్రాసాదానికి దగ్గర్లో మెమోరియల్ గేట్స్ అనే స్మారకాన్ని ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటన్ కోసం పోరాడిన భారత ఉపఖండ, ఆఫ్రికా, కరీబియన్ సైనికుల కోసం కట్టిన స్మారకం అది. పక్కనున్న చిన్న మండపం పైకప్పు లోపలి వైపున విక్టోరియా క్రాస్, జార్జి క్రాస్ గ్రహీతల పేర్లు చెక్కారు. యుద్ధం ముగిసిన 57 ఏళ్లకు లండన్‌లో వాళ్లకు ఆ చోటు దొరికింది.

ఢిల్లీలో ఆ చోటు ఇంకా లేదు. ఇండియా గేటును 1931లో ఆవిష్కరించారు. అది మొదటి ప్రపంచ యుద్ధం, మూడో అఫ్ఘాన్ యుద్ధాల మృతుల కోసం కట్టింది. దాని పక్కనే 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చినవారిది. మొదటిది సామ్రాజ్యం కట్టింది, రెండోది గణతంత్రం కట్టింది. ఈ రెంటి మధ్య కాలంలో, అంటే 1939 నుంచి 1945 వరకు చనిపోయిన దాదాపు 87 వేల మంది భారతీయ సైనికులకు అక్కడ పేరు లేదు. వాళ్ల పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ చూసుకునే శ్మశానవాటికల్లో ఉన్నాయి. రంగూన్ శివార్లలోని తౌక్యాన్ స్మారక స్తంభాల మీద, బర్మాలో పోరాడి సమాధి కూడా దొరకని దాదాపు 27 వేల మంది పేర్లున్నాయి.

వాళ్లు పోరాడింది వలస పాలకుల కోసం కాబట్టి గణతంత్రం వాళ్లను తలచుకోవాల్సిన అవసరం లేదనే వాదన ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. అదే సైన్యం 1919లో జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధులపై కాల్పులు జరిపింది. అయితే ఈ వాదన నిలవాలంటే ఇండియా గేటు కూడా ఎవరిదీ కాకుండా పోవాలి. మొదటి యుద్ధపు సిపాయిలు కూడా చక్రవర్తి కోసమే చనిపోయారు. వాళ్లను గణతంత్రం తనవాళ్లుగా స్వీకరించి, అర్ధ శతాబ్దం పాటు ఆ తోరణం కింద అమర జవాన్ జ్యోతిని వెలిగించింది. రెండో యుద్ధపు సిపాయిలు పోరాడినప్పుడు భారత నేల మీదే, మణిపుర్‌లో, నాగా కొండల్లో శత్రువు అడుగుపెట్టాడు కూడా. సామ్రాజ్యాన్ని నిరాకరించడం, సిపాయిని మరచిపోవడం ఒకటే కానక్కర్లేదు.

ఉమ్రావ్ సింగ్ 2005 నవంబరు 21న ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ రోజు ఆయనకు సరిగ్గా 85 ఏళ్లు నిండాయి. సైన్యం లాంఛనాలతో పల్రాలో అంత్యక్రియలు జరిగాయి. బ్రిటిష్ పత్రికలు పొడవైన నివాళి వ్యాసాలు వేశాయి.

మూడు నెలలు కూడా గడవకముందే, 2006 ఫిబ్రవరి 6న, మధ్యప్రదేశ్‌లోని శివ్‌పురి ప్రాంతంలో గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ చనిపోయారు. ఎర్రకోట ముగ్గురిలో షా నవాజ్ ఖాన్ 1983లో, ప్రేమ్ సెహగల్ 1992లో వెళ్లిపోగా చివరగా మిగిలింది ఆయనే. 1945 శీతాకాలంలో ఒకరు లండన్‌లో పతకం అందుకుంటే మరొకరు ఢిల్లీలో బోనులో నిలబడ్డారు. ఇద్దరూ బర్మాలో పోరాడారు. అరవై ఏళ్ల తర్వాత, ఒకే చలికాలంలో, ఇద్దరూ తమ తమ వరసల్లో ఆఖరివారిగా వెళ్లిపోయారు. ధిల్లాన్‌కు భారత ప్రభుత్వం 1998లో పద్మభూషణ్ ఇచ్చింది. ఎర్రకోటలోనే ఆజాద్ హింద్ ఫౌజుకు 2019లో ఒక మ్యూజియం వెలిసింది.

ఈనాడు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లలో అందరికంటే చిన్నవాళ్లకు కూడా వందేళ్లు దగ్గరపడ్డాయి. హర్యానా, పంజాబ్, గఢ్వాల్, తమిళనాడు పల్లెల్లో అక్కడక్కడా ఒకరిద్దరు మిగిలి ఉండవచ్చు. వాళ్లు కూడా వెళ్లిపోయాక ఆ యుద్ధం గురించి అడగడానికి మనిషంటూ ఉండడు, కాగితాలే ఉంటాయి. ఉమ్రావ్ సింగ్ విషయంలో ఆ కాగితాలు స్పష్టంగానే ఉన్నాయి. ఆ రాత్రి ఆయనతో ఉన్న మిగతా సిబ్బంది పేర్లు మాత్రం ఆ అధికారిక ప్రకటనలో లేవు. ఆయన పతకాన్ని అమ్మకుండా దాచుకున్నది వాళ్ల కోసమే.